సబ్‌ఫారంలో అన్ని బుకింగుల సామానూ కనిపిస్తోంది, మెయిన్ ఫారంతో లింక్ ఎలా? (యాక్సెస్ 2016)

ఉప్పల్_టెంట్‌హౌస్ | సోమవారం, రాత్రి 9:52

అందరికీ నమస్తే. ఉప్పల్‌లో మాది టెంట్‌హౌస్. కుర్చీలు, షామియానాలు, బగోనాలు, కూలర్లు అద్దెకిస్తాం. బుకింగులన్నీ నాన్న పొడుగు చిట్టాలో రాస్తారు. మాఘమాసం ముహూర్తాలకు ఒకే రోజు ఏడెనిమిది ఫంక్షన్లు పడితే ఆ చిట్టా తిరగేయడానికే పొద్దు గడిచిపోతోంది. అందుకే షాపులో ఉన్న పాత కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 2016తో డేటాబేస్ మొదలుపెట్టా.

టేబుళ్లు మూడు. బుకింగ్ (పార్టీ పేరు, ఫోను, హాలు, తేదీ), సామాను (ఏ ఐటమ్, ఎన్ని, రేటు), జమ (అడ్వాన్సు, తర్వాత కట్టిన డబ్బులు). బుకింగ్ మీద మెయిన్ ఫారం చేసి, అందులో సామాను ఫారాన్ని సబ్‌ఫారంగా (ఫారం లోపల ఫారంగా) లాగి పెట్టా. ఫారం తెరిస్తే ఏ బుకింగ్‌కి వెళ్లినా కింద అందరి సామానూ కనిపిస్తోంది. బోడుప్పల్ పార్టీ పేజీలో నాగోల్ పార్టీ కూలర్లు కూడా ఉన్నాయి. రికార్డు మార్చినా సబ్‌ఫారం కదలడం లేదు. ఎక్కడ చూడాలి?

కూకట్‌పల్లి_కిరణ్ | సోమవారం, రాత్రి 10:05

ఇంత తలనొప్పి ఎందుకు బ్రో, ఎక్సెల్‌లో ఒక షీటు పెట్టుకుంటే అయిపోతుంది కదా.

అమీర్‌పేట_అన్న | సోమవారం, రాత్రి 10:31

కిరణ్, ఒక బుకింగ్‌కి పది ఐటమ్‌లు, మూడు జమలు ఉంటే ఎక్సెల్‌లో పార్టీ పేరు ఎన్ని లైన్లలో కొడతావు? వాళ్ల ఫోను నంబరు మారితే ఎన్ని చోట్ల దిద్దుతావు? ఆయన దారి సరైనదే.

తమ్ముడూ, నువ్వు చెప్పిన లక్షణం చూస్తే లింక్ ఫీల్డ్స్ ఖాళీగా ఉన్నట్టే. డిజైన్ వ్యూలో ఫారం తెరువు. సబ్‌ఫారం అంచు మీద ఒక్కసారే క్లిక్ చెయ్. రెండోసారి క్లిక్ చేస్తే లోపలి ఫారంలోకి వెళ్లిపోతావు, అక్కడ నీకు కావలసిన ప్రాపర్టీలు కనిపించవు. చాలామంది తికమకపడేది ఇక్కడే. ప్రాపర్టీ షీట్ పైన సెలెక్షన్ టైప్ దగ్గర "సబ్‌ఫారం/సబ్‌రిపోర్ట్" అని ఉంటే సరైన చోట ఉన్నట్టు. "ఫారం" అని ఉంటే బయట ఖాళీ జాగాలో క్లిక్ చేసి, మళ్లీ అంచు పట్టుకో.

తర్వాత డేటా ట్యాబ్‌కి వెళ్లు. సోర్స్ ఆబ్జెక్ట్, లింక్ మాస్టర్ ఫీల్డ్స్, లింక్ చైల్డ్ ఫీల్డ్స్ అని ఉంటాయి. మాస్టర్‌లో మెయిన్ ఫారం వైపు ఫీల్డు, చైల్డ్‌లో సబ్‌ఫారం వైపు ఫీల్డు. నీ విషయంలో రెండింట్లోనూ బుకింగ్ ఐడీయే. సామాను టేబుల్‌లో బుకింగ్ ఐడీ ఉందా అసలు? ఉంటే దాని టైపు ఏంటి?

ఉప్పల్_టెంట్‌హౌస్ | మంగళవారం, మధ్యాహ్నం 1:14

అన్నా, రెండూ ఖాళీగానే ఉన్నాయి. సామాను టేబుల్‌లో బుకింగ్ ఐడీ ఉంది, షార్ట్ టెక్స్ట్ అని పెట్టా. బుకింగ్‌లోది ఆటోనంబర్ (యాక్సెస్ తనంతట తానే వేసే నంబరు). లింక్ ఫీల్డ్స్ నింపితే టైపులు కుదరడం లేదని ఎర్రర్ వస్తోంది.

అమీర్‌పేట_అన్న | మంగళవారం, మధ్యాహ్నం 1:40

ఆటోనంబర్ అంటే లోపల లాంగ్ ఇంటిజర్. అవతలి వైపు కూడా నంబర్, ఫీల్డ్ సైజ్ లాంగ్ ఇంటిజర్ పెట్టు. సామాను టేబుల్‌లో బుకింగ్ ఐడీకి కూడా ఆటోనంబర్ పెట్టేవు, అలా అస్సలు వద్దు. అక్కడ నంబరు మెయిన్ ఫారం నుంచి రావాలి, దానంతట అది పుట్టకూడదు. జమ టేబుల్‌కీ ఇదే.

లింక్ కుదిరాక రెండు పనులు జరుగుతాయి. మెయిన్‌లో ఉన్న బుకింగ్‌కి చెందిన లైన్లే కింద కనిపిస్తాయి. కింద కొత్త లైను కొడితే బుకింగ్ ఐడీ దానంతట అదే పడుతుంది. కాబట్టి సబ్‌ఫారంలో ఆ కాలమ్ చూపించాల్సిన పని కూడా లేదు.

ఉప్పల్_టెంట్‌హౌస్ | మంగళవారం, రాత్రి 11:20

టైపు మార్చి లింక్ చేశా. ఏ పార్టీ సామాను ఆ పార్టీకే వస్తోంది, చాలా థ్యాంక్స్ అన్నా. కానీ కొత్త తిప్పలు. పైన బాకీ కూడా కనిపించాలని మెయిన్ ఫారం రికార్డ్ సోర్స్‌లో (ఫారంకి డేటా వచ్చే చోట) మూడు టేబుళ్లూ కలిపి ఒక క్వెరీ పెట్టా. ఇప్పుడు బోడుప్పల్ పార్టీది ఒక్కటే బుకింగ్ అయినా, "తర్వాతి రికార్డు" నొక్కుతుంటే అదే పార్టీ పన్నెండు సార్లు వస్తోంది. పైగా లెక్క చూస్తే మేమే ఆ పార్టీకి 41,200 బాకీ ఉన్నట్టు చూపిస్తోంది! నాన్న చూసి "మంచి లెక్కే చేశావు" అని లేచి వెళ్లిపోయారు.

సిరి_డీబీ | బుధవారం, ఉదయం 7:48

ఆ 41,200 ఎలా వచ్చిందో తమాషాగా ఉంటుంది. ఆ బుకింగ్‌లో ఆరు ఐటమ్‌లు, రెండు జమలు ఉండి ఉండాలి. లెక్క పెడతారా?

ఉప్పల్_టెంట్‌హౌస్ | బుధవారం, ఉదయం 9:30

అక్కా, మీకెలా తెలిసింది? కుర్చీలు 300 × 12, షామియానాలు 4 × 1,500, కూలర్లు 4 × 800, బగోనాలు 10 × 150, కార్పెట్లు 5 × 300, డైనింగ్ టేబుళ్లు 26 × 100. మొత్తం 18,400. జమలు 5,000, 8,000. అంటే 13,000.

సిరి_డీబీ | బుధవారం, ఉదయం 10:15

పన్నెండు అంటే ఆరు రెళ్లు, అందుకే ఊహించా. పన్నెండు అవ్వాలంటే ఆరూ రెండూ, లేదా నాలుగూ మూడూ. అద్దె సామానుకి ఆరు ఎక్కువ నప్పింది.

సామాను, జమ రెండూ బుకింగ్‌కి పిల్లలు. వాటిలో వాటికి ఏ సంబంధమూ లేదు. రెండింటినీ ఒకే క్వెరీలో బుకింగ్‌కి కలిపితే యాక్సెస్ ప్రతి ఐటమ్‌నీ ప్రతి జమతో జత కడుతుంది. ఆరు ఐటమ్‌లు, రెండు జమలు, పన్నెండు వరుసలు. ఒక్కో ఐటమ్ రెండుసార్లు లెక్కలోకి వచ్చి 18,400 కాస్తా 36,800 అయింది. ఒక్కో జమ ఆరుసార్లు వచ్చి 13,000 కాస్తా 78,000 అయింది. 36,800లోంచి 78,000 తీసేస్తే మైనస్ 41,200. యాక్సెస్ లెక్క తప్పలేదు, మీరు అడిగినదే చెప్పింది.

మెయిన్ ఫారం రికార్డ్ సోర్స్‌లో బుకింగ్ టేబుల్ ఒక్కటే ఉండాలి. మహా అయితే బుకింగ్ మీదే తేదీ వారీగా వరుసపెట్టే క్వెరీ. పిల్లల టేబుళ్లు అందులోకి రాకూడదు. సామానుకి ఒక సబ్‌ఫారం, జమకి ఇంకో సబ్‌ఫారం, రెండూ మెయిన్‌లో పక్కపక్కన, రెండింటికీ లింక్ బుకింగ్ ఐడీయే. అవి ఒకదాన్నొకటి చూసుకోవు కాబట్టి లెక్క ఎక్కడా రెట్టింపు కాదు. సబ్‌ఫారం అసలు సుఖం ఇదే, మనవాళ్లు దాన్ని అందం కోసం పెడతారు.

రిపోర్టు కోసం మొత్తాలు ఒకే చోట కావాలంటే, సామానుకి విడిగా బుకింగ్ వారీ టోటల్స్ క్వెరీ, జమకి విడిగా ఇంకోటి చేసి, ఒక్కో బుకింగ్‌కి ఒక్కో వరుసకి వచ్చాక ఆ రెండింటినీ బుకింగ్‌తో కలపండి. జమ ఇంకా రాని బుకింగులు మాయం కాకుండా లెఫ్ట్ జాయిన్ పెట్టుకోవాలి.

ఇంకోటి, రేటు సామాను లైన్‌లోనే ఉంచారు కదా, అది మంచి పని. ఐటమ్‌లు, రేట్లు ఉండే వేరే టేబుల్ నుంచి ప్రతిసారీ రేటు చూపిస్తే, రేపు కుర్చీ 15 చేయగానే పాత బిల్లులన్నీ మారిపోతాయి.

ఉప్పల్_టెంట్‌హౌస్ | బుధవారం, రాత్రి 10:02

అక్కా, అలాగే చేశా. బాకీ 5,400 వచ్చింది, చిట్టాతో సరిపోయింది. నాన్న మళ్లీ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

కానీ నిన్న సాయంత్రం మా గుమాస్తా కొట్టిన నాలుగు లైన్లు ఏ బుకింగ్‌లోనూ కనిపించడం లేదు. టేబుల్ తెరిస్తే మాత్రం ఉన్నాయి, బుకింగ్ ఐడీ దగ్గర ఖాళీ.

పాతకాపు_1997 | బుధవారం, రాత్రి 11:10

వచ్చిందా ఇది కూడా. ప్రతి సబ్‌ఫారం కథలోనూ ఈ అంకం ఉంటుంది.

గుమాస్తా కొత్త బుకింగ్ తెరిచి, పైన ఏమీ కొట్టకుండా నేరుగా కింద ఐటమ్‌లు కొట్టి ఉంటాడు. ఫోన్లో పార్టీ ముందు "కుర్చీలు మూడొందలు రాస్కో" అంటుంది, పేరు తర్వాత చెప్తుంది. పైన ఒక్క అక్షరం కూడా పడకపోతే ఆటోనంబర్ పుట్టదు. మాస్టర్ విలువ నల్, అంటే ఖాళీ. కింద లైన్‌కి ఇవ్వడానికి ఏమీ లేదు, నల్‌తోనే సేవ్ అయింది. ఇప్పుడు దానికి అమ్మా నాన్నా లేరు.

అడ్డుకట్ట టేబుల్ దగ్గరే వెయ్యాలి, ఫారం దగ్గర కాదు. మొదట ఆ నాలుగు లైన్లకి సరైన బుకింగ్ ఐడీ చేత్తో వేసెయ్. ఇంకా ఎక్కడైనా ఉన్నాయేమో చూడ్డానికి "ఫైండ్ అన్‌మ్యాచ్డ్" క్వెరీ విజార్డ్ ఉంది, దాన్ని నడుపు. తర్వాత సామాను టేబుల్ డిజైన్‌లో బుకింగ్ ఐడీకి రిక్వైర్డ్ = యెస్. డిఫాల్ట్ వాల్యూలో 0 ఉంటే చెరిపెయ్, సున్నా నంబరు బుకింగ్ అనేది లోకంలో లేదు. ఆపైన డేటాబేస్ టూల్స్‌లో రిలేషన్‌షిప్స్ తెరిచి, బుకింగ్ నుంచి సామానుకి గీత లాగి "ఎన్‌ఫోర్స్ రిఫరెన్షియల్ ఇంటిగ్రిటీ" టిక్ పెట్టు. గీతకి ఒక వైపు 1, రెండో వైపు అనంతం గుర్తు రావాలి. తల్లి లేని ఐడీతో ఒక్క లైను మిగిలినా ఆ టిక్ పడనివ్వదు, అందుకే ముందు ఏరివేత. జమకి కూడా ఇదంతా చెయ్.

క్యాస్కేడ్ డిలీట్ టిక్ మాత్రం ఆలోచించి పెట్టు. అది ఉంటే బుకింగ్ చెరిపితే దాని జమలు కూడా పోతాయి. డబ్బుల విషయం. నేనైతే పెట్టను. బుకింగ్ రద్దయితే "రద్దు" అని ఒక యెస్/నో ఫీల్డు చాలు.

రిక్వైర్డ్ పెట్టినా ఎర్రర్ లైను మొత్తం కొట్టాక వస్తుంది, గుమాస్తాకి విసుగు. ముందే ఆపాలంటే సబ్‌ఫారం బిఫోర్ ఇన్సర్ట్ ఈవెంట్‌లో ఈ మాత్రం రాయి (ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నా, నువ్వు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టు):

ఇఫ్ ఈజ్‌నల్(మీ.పేరెంట్!బుకింగ్‌ఐడీ) దెన్
క్యాన్సిల్ = ట్రూ
ఎంఎస్‌జీబాక్స్ "ముందు పార్టీ పేరు"
ఎండ్ ఇఫ్

మొదటి అక్షరం కొట్టగానే ఆగిపోతుంది. ఈ కోడ్ పెట్టాక ఆ సబ్‌ఫారాన్ని విడిగా తెరిచి లైను కొట్టకు. పేరెంట్ లేదు కాబట్టి పేరెంట్ ప్రాపర్టీ చెల్లదని ఎర్రర్ ఇస్తుంది.

అమీర్‌పేట_అన్న | గురువారం, ఉదయం 8:20

పాతకాపు గారు చెప్పినదానికి ఒక తోక. మెయిన్ నుంచి సబ్‌ఫారంలోకి కర్సర్ వెళ్లగానే యాక్సెస్ మెయిన్ రికార్డుని సేవ్ చేసేస్తుంది, అడగదు. పార్టీ పేరు మాత్రమే కొట్టి ఫోను నంబరు లేకుండా కిందికి దిగినా సరే, బుకింగ్ సేవ్ అయిపోయినట్టే. ఫోను నంబరు తప్పనిసరి అయితే ఆ తనిఖీ మెయిన్ ఫారం బిఫోర్ అప్‌డేట్‌లో పెట్టు. అక్కడ క్యాన్సిల్ చేస్తే కర్సర్ కిందికి దిగదు. "సేవ్" బటన్ వెనక పెట్టిన తనిఖీ ఈ దారిలో పనికిరాదు, ఆ బటన్ ఎవరూ నొక్కకుండానే పని అయిపోతుంది కదా.

రాణిగంజ్_స్పేర్స్ | గురువారం, ఉదయం 11:05

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నాది మోటార్ల స్పేర్ పార్టుల బిల్లింగు. బిల్లులో మొదటి ఐటమ్ పడుతుంది, రెండోది కొట్టగానే డూప్లికేట్ వాల్యూస్ అని ఎర్రర్, నంబరు 3022. లింక్ సరిగ్గానే ఉంది.

పాతకాపు_1997 | గురువారం, ఉదయం 11:22

ఐటమ్‌ల టేబుల్‌లో బిల్ ఐడీకి ఇండెక్స్‌డ్ దగ్గర "నో డూప్లికేట్స్" ఉంటుంది, లేదా దాన్నే ప్రైమరీ కీ చేసి ఉంటారు. "డూప్లికేట్స్ ఓకే"కి మార్చండి. ఐటమ్ లైన్‌కి వేరే ఆటోనంబర్ ప్రైమరీ కీగా పెట్టండి. రిలేషన్‌షిప్స్‌లో గీతకి రెండు వైపులా 1 ఉందేమో చూడండి, ఉంటే రోగం అదే.

రాణిగంజ్_స్పేర్స్ | గురువారం, ఉదయం 11:50

రెండు వైపులా 1 ఉంది సార్. మార్చా, ఎర్రర్ పోయింది. థ్యాంక్యూ.

ఉప్పల్_టెంట్‌హౌస్ | గురువారం, రాత్రి 9:40

ఏరివేత అయింది, గీతలు పడ్డాయి. ఇప్పుడు మెయిన్ ఫారం మీద మొత్తం అద్దె, మొత్తం జమ, బాకీ మూడు బాక్సులు పెట్టా. మూడింట్లోనూ #నేమ్? అని వస్తోంది. సబ్‌ఫారం పేరు సరిగ్గానే రాశా, పదిసార్లు చూసుకున్నా.

అమీర్‌పేట_అన్న | గురువారం, రాత్రి 10:15

నువ్వు రాసింది ఫారం పేరు. రాయాల్సింది కంట్రోల్ పేరు. నావిగేషన్ పేన్‌లో కనిపించే ఫారం వేరు, దాన్ని మెయిన్‌లో పట్టుకుని ఉన్న డబ్బా వేరు. సబ్‌ఫారం అంచు మీద క్లిక్ చేసి, ప్రాపర్టీ షీట్‌లో అదర్ ట్యాబ్‌లో నేమ్ ఏముందో చూడు. మనం పెట్టకపోతే యాక్సెస్సే దానికి ఏదో ఒక పేరు పెట్టేస్తుంది, చైల్డ్ 7 అనో ఇంకోటో. నేను ఎప్పుడూ వాటికి ఫారం పేరుకి పొంతన లేని పేరు పెడతా, కలగాపులగం కాకుండా. సామాను డబ్బాకి "డబ్బా_సామాను" అని పెట్టు.

టోటల్ ఎలా అంటే: సామాను సబ్‌ఫారం ఫుటర్‌లో ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టి, పేరు "మొత్తం", కంట్రోల్ సోర్స్‌లో

=సమ్([సంఖ్య]*[రేటు])

అని రాయి. ప్రతి లైన్‌లో మొత్తం చూపించే లెక్క బాక్సు ఉంది కదా, దాని పేరు సమ్ లోపల పెట్టకు, పని చేయదు. ఫీల్డులతోనే లెక్క మళ్లీ రాయాలి. సబ్‌ఫారం డేటాషీట్ వ్యూలో ఉంటే ఫుటర్ కంటికి కనిపించదు, లెక్క మాత్రం జరుగుతుంది. తర్వాత మెయిన్‌లో

=ఎన్‌జడ్([డబ్బా_సామాను].ఫారం![మొత్తం],0)

ఎన్‌జడ్ అంటే విలువ ఖాళీ అయితే 0 చూపించమని. మధ్యలో ఆ "ఫారం" అనే మాట ముఖ్యం. డబ్బా దాటి లోపలి ఫారంలోకి వెళ్లమని చెప్పేది అదే. జమకీ ఇలాగే. బాకీకి ఆ రెండు బాక్సుల తేడా.

లైను కొట్టగానే టోటల్ మారలేదని కంగారు పడకు, ఆ లైను సేవ్ అయ్యాక, అంటే కింది లైనుకి దిగాక మారుతుంది.

మలక్‌పేట్_ఎమ్మెస్ | గురువారం, రాత్రి 11:02

ఇదంతా ఎందుకు? బుకింగ్ టేబుల్‌లో "బాకీ" అని ఒక ఫీల్డు పెట్టి, లైను మారినప్పుడల్లా కోడ్‌తో దాంట్లో రాసేస్తే సరి. రిపోర్టులూ స్పీడ్‌గా వస్తాయి.

సిరి_డీబీ | శుక్రవారం, ఉదయం 7:35

ఆ ఫీల్డు ఏదో ఒక రోజు అబద్ధం చెప్తుంది. జమ టేబుల్ నేరుగా తెరిచి ఎవరైనా ఒక అంకె దిద్దితే మీ కోడ్ నడవదు, బాకీ పాతదే ఉంటుంది. టెంట్‌హౌస్‌కి ఏడాదికి ఎన్ని లైన్లు వస్తాయి? యాక్సెస్ ఫైలు పరిమితి 2 జీబీ. ఈ షాపు లైన్లకి అది నిండేదీ లేదు, లెక్కకి టైమ్ పట్టేదీ లేదు.

మలక్‌పేట్_ఎమ్మెస్ | శుక్రవారం, ఉదయం 9:10

మా ఆఫీసులో అలాగే నడుస్తోంది, ఇబ్బంది రాలేదు. సరే, ఎవరి అలవాటు వారిది.

ఉప్పల్_టెంట్‌హౌస్ | శుక్రవారం, రాత్రి 10:44

టోటల్ వచ్చింది! ఇంకో రెండు అడుగుతా, ఆ తర్వాత మిమ్మల్ని వదిలేస్తా.

ఒకటి. సామాను ఒకేసారి వెనక్కి రాదు. రాత్రి డీసీఎంలో కుర్చీలు 280 వస్తాయి, మిగతా 20 మర్నాడు ట్రాలీ ఆటోలో వస్తాయి, అందులో రెండు కాళ్లు విరిగి. ప్రతి ఐటమ్ లైను కింద "వాపసు" వివరాలు ఉండాలి. సామాను సబ్‌ఫారంలో వాపసు సబ్‌ఫారం పెట్టబోతే ఒప్పుకోవడం లేదు. సామాను కంటిన్యువస్ ఫారంలో ఉంది.

రెండు. కొత్త బుకింగ్ తీసుకునేటప్పుడు ఆ తేదీకి ఇప్పటికే ఎన్ని కుర్చీలు బుక్ అయ్యాయో అక్కడే కనిపించాలి. నాన్నకి కావలసింది అసలు ఇదే.

సిరి_డీబీ | శనివారం, ఉదయం 8:25

మొదటిది నేను చెప్తా. కంటిన్యువస్ ఫారం లోపల సబ్‌ఫారం పెట్టనివ్వదు. సింగిల్ ఫారంగా మారిస్తే పెట్టొచ్చు, సబ్‌ఫారం లోపల సబ్‌ఫారం ఏడు అంతస్తుల దాకా వెళ్తుంది. కానీ అప్పుడు ఒక్కో ఐటమ్ ఒక్కో పేజీ అవుతుంది, మీ గుమాస్తా పారిపోతాడు.

వాపసు సబ్‌ఫారాన్ని సామాను లోపల కాకుండా మెయిన్ ఫారం మీదే, సామాను పక్కన పెట్టండి. వాపసు టేబుల్‌లో లైన్ ఐడీ ఉండాలి, సామాను లైను ఆటోనంబర్‌కి జోడీ. మెయిన్ మీద ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టి "ఎంచుకున్న_లైను" అని పేరు ఇవ్వండి. కంట్రోల్ సోర్స్:

=[డబ్బా_సామాను].ఫారం![లైన్‌ఐడీ]

ఇప్పుడు వాపసు డబ్బాకి లింక్ మాస్టర్ ఫీల్డ్స్‌లో "ఎంచుకున్న_లైను", లింక్ చైల్డ్ ఫీల్డ్స్‌లో "లైన్‌ఐడీ". మాస్టర్ వైపు టేబుల్ ఫీల్డే ఉండాలని రూలు లేదు, మెయిన్ మీద ఉన్న ఏ కంట్రోల్ పేరైనా చెల్లుతుంది. మూడు చుక్కల బటన్ నొక్కితే వచ్చే లిస్టులో ఫీల్డులే ఉంటాయి, ఈ బాక్సు కనపడదు. అందుకే పేరు చేత్తో కొట్టండి.

సామానులో కుర్చీల లైను మీద క్లిక్ చేస్తే పక్కన కుర్చీల వాపసులు, బగోనాల మీద చేస్తే బగోనాలవి. అంతా సరిగ్గా నడిచాక ఆ బాక్సుకి విజిబుల్ = నో పెట్టేయండి. మొదటే దాచేస్తే ఎక్కడ తప్పిందో కనిపెట్టలేరు. విరిగినవి వేరే టేబుల్ వద్దు, వాపసు లైన్‌లోనే "బాగున్నవి", "విరిగినవి" అని రెండు అంకెలు చాలు. వాపసు టేబుల్‌లోనూ లైన్ ఐడీ రిక్వైర్డ్, పాతకాపు గారి పాఠం ఇక్కడా అదే.

పాతకాపు_1997 | శనివారం, మధ్యాహ్నం 12:30

రెండోది నాకు వదిలేశారు కాబట్టి చెప్తా. ఇంతసేపూ ఐడీతో లింక్ చేశాం. లింక్‌కి కావలసింది రెండు వైపులా ఒకే విలువ, అంతే. తేదీతో కూడా కట్టొచ్చు. బుకింగ్, సామాను కలిపి, తేదీ వారీగా, ఐటమ్ వారీగా సంఖ్య కూడే టోటల్స్ క్వెరీ చెయ్. ఈ రెండింటినే కలిపితే రెట్టింపు భయం లేదు, జమని మాత్రం దూరంగా ఉంచు. దాని మీద డేటాషీట్ సబ్‌ఫారం పెట్టి, మాస్టర్ "ఫంక్షన్ తేదీ", చైల్డ్ కూడా "ఫంక్షన్ తేదీ". టోటల్స్ క్వెరీ కాబట్టి అందులో ఎవరూ ఏమీ దిద్దలేరు, చూడ్డానికే. మీ నాన్నగారికి అది చాలు.

రెండు గోతులు. తేదీ ఫీల్డులో డిఫాల్ట్‌గా నౌ() పెట్టి ఉంటే తేదీతో పాటు గంటలు, నిమిషాలు కూడా పడతాయి. స్క్రీన్ మీద రెండూ ఒకే తేదీలా కనిపిస్తాయి, లోపల సమానం కావు, ఒక్క లైనూ రాదు. డేట్() వాడు.

రెండోది పెద్దది. లింక్ సమానమా కాదా అనే చూస్తుంది. పెళ్లికి శుక్రవారం వెళ్లిన కుర్చీలు ఆదివారం రిసెప్షన్ అయ్యాక వస్తే, శనివారం బుకింగ్‌కి అవి కనిపించవు. "ఈ తేదీ ఆ రెండు తేదీల మధ్యలో ఉందా" అన్న ప్రశ్న లింక్ ఫీల్డ్స్‌తో అడగలేం. అప్పుడు బుకింగ్‌లో "వెళ్లే తేదీ", "వచ్చే తేదీ" రెండు ఫీల్డులు పెట్టి, ఆ సబ్‌ఫారం లింక్ ఫీల్డ్స్ ఖాళీ చేసి, క్వెరీ క్రైటీరియాలో మెయిన్ ఫారం తేదీలని పిలవాలి. పాత బుకింగ్ వెళ్లే తేదీ కొత్తదాని వచ్చే తేదీకి ముందో, అదే రోజో ఉండాలి, పాతదాని వచ్చే తేదీ కొత్తదాని వెళ్లే తేదీకి తర్వాతో, అదే రోజో ఉండాలి. రెండూ నిజమైతే ఢీకొన్నట్టు. ఐటమ్ వారీగా మాత్రమే కూడు, తేదీ గ్రూపు తీసెయ్. తేదీ బాక్సుల ఆఫ్టర్ అప్‌డేట్‌లో, రికార్డు మారినప్పుడు నడిచే ఆన్ కరెంట్‌లో ఆ డబ్బాకి రీక్వెరీ (క్వెరీ మళ్లీ నడపమని) రాయి. లింక్ లేదు కాబట్టి దానంతట అది కదలదు.

ఉప్పల్_టెంట్‌హౌస్ | ఆదివారం, రాత్రి 11:36

రెండూ నడుస్తున్నాయి. మాకు సామాను ఎప్పుడూ రెండు మూడు రోజులు బయటే ఉంటుంది కాబట్టి రెండు తేదీల పద్ధతే పెట్టా. ఈ రోజు ఒక పార్టీ 600 కుర్చీలు అడిగితే నాన్న చిట్టా తీయకుండా స్క్రీన్ చూసి "నాలుగొందలే ఉన్నాయి, మిగతావి బయట తెప్పిస్తా, రేటు ఎక్కువ పడుతుంది" అన్నారు.

ఒక్క చిన్న విషయం. పాతకాపు సార్ ఇచ్చిన మెసేజ్ తెలుగులో కొడితే కోడ్ కిటికీలో అన్నీ ప్రశ్నార్థకాలే వస్తున్నాయి.

అమీర్‌పేట_అన్న | సోమవారం, ఉదయం 8:05

వీబీఏ (యాక్సెస్‌లో కోడ్ రాసే భాష) ఎడిటర్‌కి యూనికోడ్ రాదు, అంటే తెలుగు అక్షరాలు పట్టవు. టేబుల్‌లో తెలుగు, లేబుల్ మీద తెలుగు హాయిగా ఉంటాయి, కోడ్‌లో మాత్రం ఉండవు. ఫీల్డు పేర్లు, కంట్రోల్ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచి, పైన కనిపించే క్యాప్షన్లు తెలుగులో పెట్టుకో. మెసేజ్ తెలుగులోనే కావాలంటే ఫారం మీద ఎర్ర రంగు లేబుల్ ఒకటి తెలుగులో రాసి దాచిపెట్టు, అవసరమైనప్పుడు కోడ్‌తో విజిబుల్ చెయ్.

బాలానగర్_లేత్ | సోమవారం, ఉదయం 10:50

లిబ్రేఆఫీస్ బేస్‌లో కూడా ఇవన్నీ కుదురుతాయా? మా వర్క్‌షాపులో యాక్సెస్ లేదు.

సిరి_డీబీ | సోమవారం, ఉదయం 11:15

లింక్ వరకు కుదురుతుంది. అక్కడ సబ్‌ఫారం విడి ఫారం కాదు, అదే డాక్యుమెంట్‌లో మెయిన్ ఫారం కింద ఉంటుంది. ఫారం నావిగేటర్‌లో ఆ చెట్టు కనిపిస్తుంది. ప్రాపర్టీల్లో లింక్ మాస్టర్ ఫీల్డ్స్, లింక్ స్లేవ్ ఫీల్డ్స్ అని ఉంటాయి. అక్కడ ఫుటర్‌లో సమ్ పెట్టే సౌకర్యం లేదు. టోటల్స్ క్వెరీ మీద ఇంకో సబ్‌ఫారం పెట్టి, అదే ఐడీతో లింక్ చేసి మొత్తం చూపించుకోవాలి. వివరాలు కావాలంటే వేరే థ్రెడ్ వేయండి, ఇది ఇప్పటికే పొడుగైంది.

రాణిగంజ్_స్పేర్స్ | సోమవారం, మధ్యాహ్నం 3:20

టెంట్‌హౌస్ తమ్ముడూ, బుకింగ్ ఐడీనే బిల్లు నంబరుగా ప్రింటు చేస్తున్నావా? చేస్తుంటే ఆపెయ్. కొత్త రికార్డు మొదలుపెట్టి ఎస్కేప్ నొక్కినా ఆటోనంబర్ ఒకటి ఖర్చయిపోతుంది, మధ్యలో నంబర్లు ఎగిరిపోతాయి. జీఎస్టీ బిల్లు నంబరు వరుసగా ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. దానికి వేరే ఫీల్డు పెట్టి, బిల్లు ప్రింటు చేసేటప్పుడు మాత్రమే నంబరు వెయ్యి.

ఉప్పల్_టెంట్‌హౌస్ | సోమవారం, రాత్రి 9:15

అదే చేస్తున్నా అన్నా, మంచిపని చెప్పారు, మారుస్తా. ప్రింటు అంటే గుర్తొచ్చింది, బిల్లు రిపోర్టులో సామాను, జమ రెండూ కింద రావాలంటే మళ్లీ ఇదంతా మొదటి నుంచా?

సిరి_డీబీ | సోమవారం, రాత్రి 9:40

కాదు. బుకింగ్ మీద రిపోర్టు, అందులో రెండు సబ్‌రిపోర్టులు. డేటా ట్యాబ్‌లో అవే లింక్ మాస్టర్, లింక్ చైల్డ్, అదే బుకింగ్ ఐడీ. టోటల్‌కి "ఫారం" అన్న చోట "రిపోర్ట్" అని రాయాలి. ఒక్క తేడా, జమ అసలు లేని బుకింగ్‌కి సబ్‌రిపోర్టు ఖాళీ అయితే టోటల్ దగ్గర #ఎర్రర్ పడుతుంది, ఎన్‌జడ్ దాన్ని ఆపలేదు. హ్యాస్‌డేటా ప్రాపర్టీ చూసి, డేటా ఉంటేనే మొత్తం, లేకపోతే 0 అని ఐఐఫ్‌తో రాయండి:

=ఐఐఫ్([డబ్బా_జమ].రిపోర్ట్.హ్యాస్‌డేటా,[డబ్బా_జమ].రిపోర్ట్![మొత్తం],0)

ఉప్పల్_టెంట్‌హౌస్ | మంగళవారం, మధ్యాహ్నం 12:08

బోడుప్పల్ పార్టీ బిల్లు ప్రింటు తీశా. 18,400, 13,000, 5,400. జమ లేని నాగోల్ పార్టీదీ తీశా, జమ దగ్గర 0 వచ్చింది. థ్రెడ్‌కి "పరిష్కారమైంది" అని పెట్టేస్తున్నా.